పిల్లల కన్నులకును అదను కలదు

వేరుసెనగ విత్తుటకు అదను కలదు. వరినారు నాటుటకు అదను కలదు. ముదిరిన నారును నాటినచో ఎంత ఎరువు వేసినను పిలకలు సరిగా తొడగవని రైతు సోదరులెల్లరు ఎరుగుదురు. బిడ్డల చూపునకును ఇట్టి అదనే యొకటి కలదనియు, అది తప్పిన పిమ్మట ఎంత ధనము వెచ్చించినను పూర్తి ఫలము రాదనియు మనలో పెక్కుమంది ఎరుగరు. పైరులనుగూర్చి చెప్పవలసినవారు కన్నులనుగూర్చి చెప్పనేల యని సభ్యులు అడుగవచ్చును. మేము ప్రదర్శన క్షేత్రముల పనిమీద గ్రామములు తిరుగునపుడు, చదువు అబ్బలేదని బడి మాన్పించిన పిల్లలను పలువురను చూచితిమి. వారిలో ఎందరికి చదువు రాకపోయెనో, ఎందరికి నల్లబల్లయే కనబడకపోయెనో విచారించినవారు అరుదు. అందుచేతనే ఈ మాసము ఈ సంగతి వ్రాయుచున్నాము.

బిడ్డ కన్నుతో పుట్టును గాని పూర్తి చూపుతో పుట్టదు. కన్ను పంపిన రూపమును గ్రహించుట మెదడు క్రమముగా నేర్చుకొనవలెను. ఈ నేర్పు తొలి ఏడెనిమిది సంవత్సరములలో కుదురుకొనును. ఆ కాలమున ఒక కంటినుండి స్పష్టమైన రూపము రాకున్నచో మెదడు ఆ కంటిని విడిచి రెండవ కంటినే నమ్ముకొనును. నీరందని కాలువ చివరి మడివలె ఆ కన్ను వెనుకబడిపోవును. దీనిని సోమరి కన్ను అందురు. పైకి చూచిన ఏ లోపమును కానరాకపోవచ్చును. ఏడేండ్ల లోపల కనిపెట్టినచో తగిన కండ్లజోడు పెట్టి, మంచి కంటిని వైద్యుడు చెప్పినన్ని గంటలు మూసి, సోమరి కంటికి పని కల్పించి చూపును చాలవరకు రాబట్టవచ్చును. పది పన్నెండేండ్లవారిలోను కొందరికి మేలు కలుగును గాని చిన్నవారికి కలిగినంత కలుగదు. పుట్టుకతో వచ్చిన శుక్లమునకు అదను ఇంకను స్వల్పము; అది నెలలలోనే దాటిపోవును. నెలలు నిండక, తక్కువ బరువుతో పుట్టిన శిశువునకు ముప్పది దినముల లోపలనే కంటి లోపలి పొరను పరీక్ష చేయింపవలెను.

బిడ్డ తనకు కనబడుటలేదని చెప్పునుగదా యని తల్లిదండ్రులు అనుకొందురు. చెప్పడు. పుట్టినది మొదలు మసకగా చూచిన బిడ్డ లోకమే అట్లుండునని తలంచును. ఒక కన్ను మాత్రమే చెడినచో రెండవ కన్ను ఆ లోటును కప్పిపుచ్చును. కనుక అడిగి తెలిసికొనుట కాదు, పరీక్షించి తెలిసికొనవలెను.

ఇట్టి పరీక్ష మన ప్రాంతముననే యొకటి జరిగినది. 2000వ సంవత్సరము ఏప్రిల్ మొదలు 2001 ఫిబ్రవరి వరకు, నేడు తెలంగాణమున నున్న మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలలో ఇంటింటికి తిరిగి 7 మొదలు 15 ఏండ్ల వరకు గల పిల్లల పేర్లు వ్రాసికొని, 4,074 మందికి కన్నులు పరీక్షించిరి. మంచి చూపుగలవాడు 40 అడుగులనుండి చదువు అక్షరమును 20 అడుగులకు వచ్చినగాని చదువలేనివారు, మెరుగైన కంటితో చూచినప్పటికిని, నూటికి 2.7 మంది తేలిరి. ఎవరి కండ్లజోడు వారు పెట్టుకొని చూచినప్పుడు ఆ సంఖ్య 2.6 మాత్రమే. అనగా కండ్లజోడు కావలసినవారిలో దానిని పొందినవారు దాదాపు లేనేలేరు. తగిన అద్దములు అమర్చి చూచినంతనే ఆ సంఖ్య 0.78కి దిగెను.

ఈ లెక్కను మన ఊరికి అన్వయించి చూతము. ఆ వయస్సు పిల్లలు 300 మంది యున్న గ్రామమున ఇంచుమించు ఎనమండుగురికి చూపు తక్కువ. వారిలో ఆరుగురికి శస్త్రచికిత్సయు వలదు, మందును వలదు. ఒక జత అద్దములు చాలును. ఒక కన్ను మాత్రమే చెడినవారు ఈ లెక్కలోనికి రానేలేదు.

అద్దములు ఇచ్చినంతనే పని తీరదు. పూనా జిల్లా పల్లెబడులలో కండ్లజోళ్లు పొందిన పిల్లలను వేయిమందికి పైగా మరల పరీక్షింపగా, వానిని పెట్టుకొనియున్నవారు నూటికి ముప్పదిమందియైన లేరు. తక్కినవారిలో చాలమంది ఇంట విడిచి వచ్చిరి. తోటివారు వెక్కిరింతురని కొందరు, పెద్దలు వలదనిరని కొందరు మానుకొందురు. ఆడపిల్లకు అద్దములు పెట్టినచో సంబంధములు రావను భయము మన ఇండ్లలోను లేకపోలేదు. కండ్లజోడు పెట్టుకొన్న చూపు పాడగుననుట అపోహ. చైనాదేశమున 252 బడులలో పిల్లలకు ఉచితముగా అద్దములిచ్చి పరిశోధింపగా వారి గణితశాస్త్రపు మార్కులు పెరిగినట్లు 2014లో ప్రకటింపబడెను. తల్లిదండ్రుల విద్యవలనను ఇంటి కలిమివలనను కలుగు భేదముకంటె ఆ మేలు అధికమని తేలెను. పేదరైతు తన బిడ్డకు ఈయగల ఆస్తిలో ఇంత చవకైనది వేరొకటి కలదా?

మెల్లకన్ను అదృష్టమని మురిసిపోవుటయు ఇట్టిదే. అది సోమరి కంటికి మూలము కావచ్చును గాన ఆలస్యము చేయక చూపవలెను. కనుపాపలో తెల్లని మెరుపు కనబడినచో అది శుక్లమో, ప్రాణాపాయకరమైన గడ్డయో కావచ్చును. ఒక్కదినమైనను జాగు చేయరాదు. కంటిలో ఆకుపసరు గాని, తల్లిపాలు గాని పోయరాదు.

రేచీకటినిగూర్చి రైతులకు ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. సంజవేళ తడబడు బిడ్డకు విటమిన్ ‘ఏ’ లోపించియుండును. ఉపేక్షించినచో నల్లగ్రుడ్డు కరగి చూపు శాశ్వతముగా పోవచ్చును. ప్రభుత్వము 1970 నుండి ఈ విటమినును చిన్నపిల్లలకు పోయించుచున్నది. తొమ్మిదవ నెలలో మొదటి మోతాదు, పిమ్మట ఐదేండ్లు నిండువరకు ఆరునెలల కొకటి తప్పక పోయింపవలెను. దానితోపాటు పెరటిలో ఒక మునగచెట్టు, ఒక బొప్పాయి, రెండు మళ్లు తోటకూర ఉండవలెను. ఆకుకూరను కొంచెము నూనెతో వండిననే ఈ సత్తువ ఒంటబట్టును.

ఇంటివద్ద ఈ చిన్న పరీక్ష చేయుడు. గోడమీది కాలెండరు అంకెలను పది అడుగుల దూరమునుండి, ఒక కంటిని అరచేతితో మూసి, బిడ్డచే చదివింపుడు. పిమ్మట రెండవ కంటితో చదివింపుడు. రెంటికి భేదమున్నను, ఈడువాడు చదివినది చదువలేకున్నను వైద్యునకు చూపుడు. చదువు రాని పసివానికి ఒక కంటిని మూసినప్పుడు ఊరకుండి, రెండవ కంటిని మూసినప్పుడు ఏడ్చి చేయి త్రోసివేసినచో అనుమానింపవలెను.

చూపించు చోటు దూరమని వెనుకాడ పనిలేదు. 2013లో ఏర్పడిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చి ఉచితముగా పరీక్షింతురు. హైదరాబాదునందు 1987లో నెలకొన్న ఎల్. వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996లో ఆదిలాబాదు ప్రాంతపు ముధోల్‌లో తన తొలి గ్రామీణ కేంద్రమును తెరచెను. తరువాత ఏబదివేల జనాభాకు ఒకటి చొప్పున చిన్న దృష్టి కేంద్రములను, ఆ ప్రాంతపు యువతీయువకులకే శిక్షణనిచ్చి, నెలకొల్పుచు వచ్చెను. తెలంగాణమున 2018లోను, ఆంధ్రప్రదేశమున 2019లోను కంటివెలుగు పేర పెద్ద శిబిరములు జరిగెను. శిబిరములు వచ్చిపోవును, బిడ్డలు ఏటేట పుట్టుచునేయుందురు. కావున ఈ పనిని గ్రామమే చేపట్టవలెను.

సహకార సంఘమునకు ఇది తగిన పని. అప్పుల పుస్తకమువలెనే ఒక చిన్న పుస్తకమును పెట్టి, సభ్యుల ఇండ్లలో మూడేండ్లు మొదలు పదునైదేండ్ల వరకు గల పిల్లల పేర్లు వ్రాయుడు. ఏటేట బడులు తెరచిన నెలలో ప్రధానోపాధ్యాయునితోను, ఆశా కార్యకర్తతోను కలసి అందరికి పరీక్ష చేయింపుడు. అనుమానము తేలిన పిల్లలను ఒకే బండిలో కేంద్రమునకు పంపినచో ఒక్కొక్కరికి ఖర్చు స్వల్పమగును. ఒక దినపు కూలి పోవునను భయమున ఏ తల్లియు ఆగిపోదు. ఆరునెలల పిమ్మట ఎవరు అద్దములు పెట్టుకొనుచున్నారో, ఎవరివి విరిగినవో మరల విచారింపుడు. విత్తనముల కొరకు ముందుగా పేర్లిచ్చునట్లే, వచ్చు సర్వసభ్య సమావేశమునకు వచ్చునపుడు ప్రతి సభ్యుడును తన ఇంటి పిల్లల పేర్లును వయస్సులును వ్రాసి తీసికొనిరావలెనని కోరుచున్నాము.