మళ్ళీ మళ్ళీ పూచే పొట్టి హైడ్రాంజియా

కొండ ప్రాంతాలలో ఉద్యోగం చేసిన మన సహోద్యోగులకు హైడ్రాంజియాను ప్రత్యేకంగా పరిచయం చేయనవసరం లేదు. ఊటీ, కొడైకెనాల్, డార్జిలింగ్ వంటి చోట్ల బంగళాల ముందు, అతిథి గృహాల ప్రహరీల వెంట, అరచేతిని మించిన గుత్తులతో ఒకచోట నీలంగా, మరొకచోట గులాబీ వర్ణంలో కనిపించే పూలు అవే. సెలవులలో అక్కడికి వెళ్ళినవారు ఒక మొక్క కొని తెచ్చుకోవడం, అది కొన్నాళ్ళు నిలిచి వాడిపోవడం, లేదా బతికి కూడా పూయకపోవడం ఎన్నో కుటుంబాలకు అనుభవమే. దీనికి చేతిచలువ లేకపోవడం కారణం కాదు. మొక్క స్వభావం తెలిస్తే సగం కష్టం తీరినట్లే. మొదటి పూత తరువాత మళ్ళీ పూచే పొట్టి రకాలు వచ్చిన తరువాత మిగిలిన సగం కూడా కొంత తేలికైనది.

పుట్టిల్లు

మనం సాధారణంగా చూచే హైడ్రాంజియా మాక్రోఫిల్లా జపాను దేశపు మొక్క. సముద్రపు తేమగాలి, సమశీతల వాతావరణం దాని పుట్టిల్లు. జపానీయులు దీనిని ‘అజిసాయి’ అంటారు. అక్కడ జూన్ మాసపు వానలకూ ఈ పూలకూ విడదీయరాని సంబంధం. కామకురా నగరంలోని మేగెట్సు-ఇన్ దేవాలయానికి అజిసాయి గుడి అనే పేరే స్థిరపడింది. హైడ్రాంజియా అనే మాట నీరు, పాత్ర అనే అర్థాలు గల రెండు గ్రీకు పదాల కలయిక. కాయ ఆకారాన్ని బట్టి వచ్చిన పేరైనా, దాని దాహానికి కూడా సరిగ్గా సరిపోయింది.

గుత్తిలో మనం రేకులనుకునేవి నిజానికి ఆకర్షణ పత్రాలు కావు, రక్షక పత్రాలు. మన ఇళ్ళ గోడలపై పాకే కాగితపు పూలలో రంగు పూవుది కాక పుష్పపుచ్ఛాలది అయినట్లే ఇదీను. అందువల్లనే గుత్తి వారాల తరబడి రాలక నిలుస్తుంది.

పూయకపోవడానికి కారణం

పూచే విధానంలో తోటమొక్కలు ప్రధానంగా రెండు తరగతులు. మల్లెపొదను శీతకాలంలో కత్తిరిస్తే వేసవికి కొత్త చిగుళ్ళు వేసి, ఆ చిగుళ్ళకే మొగ్గ తొడుగుతుంది. మామిడి అలా కాదు. అంతకుముందే పెరిగి ముదిరిన కొమ్మల కొనలే పూతకు వస్తాయి. పాతకాలపు హైడ్రాంజియా మామిడి తరగతికి చెందినది. వేసవి ముగిసి, పగళ్ళు తగ్గి, ఉష్ణోగ్రత సుమారు 18 డిగ్రీల సెల్సియస్ కంటె దిగువకు వచ్చినప్పుడు కొమ్మల కొనలలో పూమొగ్గ రహస్యంగా రూపుదిద్దుకుంటుంది. అది కొన్ని వారాలపాటు చలిలో విశ్రమించి, మరుసటి వేసవిలో విచ్చుకుంటుంది.

ఆకులు రాలి మోడులా ఉన్న పొదను చూచి, శుభ్రత కోసం డిసెంబరు, జనవరి నెలలలో మొదలంటా కత్తిరించే అలవాటు చాలా తోటలలో ఉన్నది. ఆ కత్తిరింపుతో పోయేది ఎండుపుల్లలు మాత్రమే కాదు, రాబోయే సంవత్సరపు పూత మొత్తం. మొక్క ఏపుగా పెరుగుతుంది, పూలు మాత్రం ఉండవు. నింద తోటమాలి మీదో, ఎరువు మీదో పడుతుంది. తీవ్రమైన మంచు కురిసే చోట్ల ఇదే నష్టాన్ని చలి కలిగిస్తుంది.

రెండు దారులున్న రకం

ఈ సమస్యకు పరిష్కారం అమెరికాలోని చలిప్రాంతమైన మిన్నెసోటాలో లభించింది. 1998లో జార్జియా విశ్వవిద్యాలయానికి చెందిన ఉద్యానశాస్త్రాచార్యుడు మైకేల్ డర్, అక్కడి బెయిలీ నర్సరీలో ఒక హైడ్రాంజియా ఆ ఏడాది పెరిగిన కొత్త కొమ్మలపైన కూడా పూలు పూయడం గమనించారు. ఆ మొక్క నుండి రూపొందిన రకం 2004లో ‘ఎండ్‌లెస్ సమ్మర్’ అనే పేరుతో విపణిలోకి వచ్చింది. ఇది పాత కొమ్మలపై ఒక విడత, కొత్త కొమ్మలపై మరొక విడత పూస్తుంది. మన పరిభాషలో చెప్పాలంటే ప్రధాన పంపుకు తోడుగా స్టాండ్‌బై పంపు అమర్చినట్లు. మొదటి దారి మూసుకుపోయినా పూత పూర్తిగా ఆగదు.

అయితే ఆ తొలి రకం మూడు నుండి ఐదు అడుగుల ఎత్తు పెరుగుతుంది. తరువాతి కాలంలో ఒకటిన్నర నుండి మూడు అడుగులలో ఒదిగిపోయే ‘సమ్మర్ క్రష్’ వంటి పొట్టి రకాలు వచ్చాయి. క్వార్టర్ల వరండాలకు, కుండీలకు ఇవే అనుకూలం. మూడేళ్ళకో నాలుగేళ్ళకో బదిలీ అయ్యే కుటుంబానికి కుండీ మొక్క ఉపయోగం వేరే చెప్పనవసరం లేదు.

నేల, రంగు

ఒకే మొక్క ఒకచోట నీలంగా, మరొకచోట గులాబీగా ఎందుకు పూస్తుంది? దీనికి సమాధానం అల్యూమినియం. పూలలోని ఆంథోసయనిన్ అనే వర్ణద్రవ్యం అల్యూమినియం అయాన్లతో జతకూడినప్పుడు నీలిరంగు ఏర్పడుతుంది. దాదాపు ప్రతి నేలలోనూ అల్యూమినియం ఉంటుంది, కాని అది నీటిలో కరిగితేనే వేళ్ళకు అందుతుంది. నేల ఆమ్లగుణం కలిగి, పి.హెచ్. 5.5 లేదా అంతకు తక్కువ ఉంటే అది కరుగుతుంది, పూలు నీలమవుతాయి. పి.హెచ్. 6.5 దాటితే కరగని రూపంలో నిలిచిపోతుంది, పూలు గులాబీ వర్ణం దాలుస్తాయి. ఈ రెంటి మధ్య ఊదారంగు వస్తుంది. తెల్లపూల రకాలకు ఈ మార్పు వర్తించదు.

నీలం కోరేవారు నీటిశుద్ధిలో వాడే అల్యూమినియం సల్ఫేటును లీటరు నీటికి మూడు, నాలుగు గ్రాముల చొప్పున కలిపి, పెరుగుదల కాలంలో నెలకొకసారి, ముందుగా తడిపిన మట్టికి పోయవచ్చు. మోతాదు మించితే వేళ్ళు మాడిపోతాయి. భాస్వరం అల్యూమినియాన్ని పట్టి ఉంచుతుంది గనుక ఎముకల పొడి, సూపర్ ఫాస్ఫేటు అప్పుడు పనికిరావు. గులాబీ రంగు కోరేవారు కొద్దిగా సున్నం వేస్తే చాలు. ఫలితం ఒక్క వారంలో కనిపించదు, తరువాతి పూతలో కనిపిస్తుంది. పి.హెచ్. కాగితంతో మట్టి నీటిని అప్పుడప్పుడు పరీక్షించడం పిల్లలకు మంచి విజ్ఞానశాస్త్ర పాఠం కూడా అవుతుంది.

నీరు, నీడ, ఎరువు

కుండీ పన్నెండు అంగుళాలకు తగ్గరాదు, అడుగున నీరు పోయే రంధ్రాలు తప్పనిసరి. ఎర్రమట్టి, ఆకుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపిన గుల్ల మిశ్రమం శ్రేష్ఠం. ఉదయపు ఎండ మూడు, నాలుగు గంటలు తగలాలి, మధ్యాహ్నం నీడ ఉండాలి. పూర్తి నీడలో ఆకులు పెరుగుతాయేగాని పూలు తగ్గుతాయి.

మిట్టమధ్యాహ్నం ఆకులు వాలిపోగానే నీళ్ళు గుమ్మరించడం సరికాదు. పెద్ద ఆకుల నుండి ఆవిరయ్యే నీరు వేళ్ళు తోడగలిగిన దానికంటె ఎక్కువైనప్పుడు మట్టి తడిగా ఉన్నా ఆకులు వాలతాయి, సాయంత్రానికి తిరిగి లేస్తాయి. వేలిని రెండు అంగుళాల లోతుకు గుచ్చి, పొడిగా ఉంటేనే నీరు పోయాలి. లేకుంటే వేరుకుళ్ళు సోకుతుంది. బోరు నీటిలో సున్నపు లవణాలు ఎక్కువగా ఉంటే మట్టి క్రమంగా క్షారంగా మారి, ఈనెలు పచ్చగా ఉండగానే ఆకులు పసుపుబారుతాయి. వాన నీరు పట్టి ఉంచుకుంటే అమృతప్రాయం. మట్టిపై రెండు అంగుళాల మందాన ఎండుటాకులు పరిస్తే తేమ నిలుస్తుంది.

నత్రజని మితిమీరితే ఆకుల సంబరమే మిగులుతుంది. చిగురించే వేళ ఒకసారి, మొదటి పూత ముగిసిన తరువాత మరొకసారి బాగా మాగిన పశువుల ఎరువు చాలును.

వాడిన గుత్తిని దాని కింద కనిపించే మొదటి బలమైన మొగ్గల జతకు కాస్త పైన కత్తిరించాలి. రెండవ పూతను త్వరపెట్టేది ఇదే. శీతకాలంలో కత్తెర ముట్టరాదు. వసంతంలో చిగుళ్ళు వచ్చాక నిజంగా ఎండినవేవో తెలుస్తుంది, వాటినే తీసివేయాలి.

మైదాన ప్రాంతాల వారికి

రామగుండం, విజయవాడ వంటి ఊళ్ళలోని వేసవిని ఈ మొక్క తట్టుకోవడం కష్టం. ఎన్నిసార్లు పూచే రకమైనా దానికి చల్లని రాత్రులు కావాలి. శీతకాలంలో పూలతో అమ్మే కుండీని కొంటే ఆ కొన్ని నెలల ఆనందానికే కొనడం మేలు. ఖరీదైన మొక్కను మే నెల ఎండకు అప్పగించి బాధపడడం కంటె, గుత్తులుగా పూచే మన నూరువరహాల పొట్టి రకాలు పెంచుకోవడం విజ్ఞత. అవి కూడా ఆమ్లపు నేలను కోరేవే కనుక పైన చెప్పిన మట్టి, నీటి జాగ్రత్తలు వాటికీ పనికివస్తాయి.

ఒక హెచ్చరిక

హైడ్రాంజియా ఆకులు, మొగ్గలు విషపూరితాలు. 2008లో జపానులో అలంకరణకై వంటకంతోపాటు వడ్డించిన ఈ ఆకులను తిని కొందరు వాంతులతో అస్వస్థులైనారు. పసిపిల్లలకు, మేకలకు, పెంపుడు కుక్కలకు అందని చోట ఉంచాలి. కత్తిరించిన కొమ్మలను పశువులకు వేయరాదు.

కొమ్మ నాటి మరొక మొక్కను చేసుకోవడం సులభమే. పూయని లేత కొమ్మను ఐదారు అంగుళాలు కోసి, కింది ఆకులు తుంచి, పై ఆకులను సగానికి కత్తిరించి, తడి ఇసుకలో నీడన ఉంచితే సుమారు నెలకు వేళ్ళు వేస్తుంది. అయితే కొత్త రకాలలో చాలావాటికి పేటెంటు హక్కులుంటాయి. అటువంటి వాటిని హక్కుదారుల అనుమతి లేకుండా ప్రవర్ధనం చేయరాదు. పాత రకాలకు ఈ ఇబ్బంది లేదు.

కొండ ప్రాంతంలో పనిచేసే మిత్రులు బదిలీపై వెళ్ళేటప్పుడు కుండీని వెంట తీసుకొని వెళ్ళవచ్చును. వెళ్ళవలసినది మైదానానికైతే, దానిని ఆ క్వార్టరులోకి రాబోయే కుటుంబానికే అప్పగించి, శీతకాలంలో కత్తిరించవద్దని ఒక్కమాట చెప్పడం ఉత్తమం. మొక్కతోపాటు ఆ మాట కూడా అందితేనే పూత నిలుస్తుంది.