వార్తల్లో పదం: సామాజిక దర్యాప్తు నివేదిక

బడి మానేసి హోటల్లో గ్లాసులు కడుగుతున్న పిల్లవాణ్ని బాలల సంక్షేమ సమితి ముందుకు తెచ్చారనుకోండి. ఇంటికి పంపాలా, హోంలో ఉంచాలా? అది తేల్చడానికి సమితికి ఆధారం ఈ నివేదికే. 2015 నాటి బాల న్యాయ చట్టం 36వ సెక్షన్ ప్రకారం ఈ దర్యాప్తు 15 రోజుల్లో పూర్తికావాలి.

దర్యాప్తుకు వెళ్లిన సోషల్ వర్కర్ ఆ పిల్లవాడి ఇంటి గడపలో కూర్చుంటేనే కొన్ని సంగతులు తెలుస్తాయి. అడుగంటిన బియ్యం డబ్బా, రెండు నెలల అద్దె బాకీ, మంచం పట్టిన తండ్రి. అవి కాగితం మీదికి రాకపోతే పేదరికమంతా తల్లి నిర్లక్ష్యంగా నమోదైపోతుంది. ఇంతకన్నా అన్యాయం లేదు. అవి వస్తే బిడ్డను ఇంట్లోనే ఉంచి, అర్హతను బట్టి కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ కింద నెలకు 4,000 రూపాయలు ఇప్పించవచ్చు. హోం చివరి మార్గమేనని చట్టమే చెబుతోంది.

ఆ చట్టంలో సోషల్ వర్కర్ల చెమట కూడా ఉంది. 1996లో ముంబయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ప్రాజెక్టుగా జెరూ బిలిమోరియా మొదలుపెట్టిన పిల్లల సహాయ ఫోన్ సేవ చైల్డ్‌లైన్ 1098 దేశమంతా పాకింది. 2015 చట్టం ‘చైల్డ్‌లైన్ సేవలు’ అన్న మాటను నిర్వచనాల్లోనే చేర్చుకుంది.