ఉత్తరమేరూరు సభ: వెయ్యేండ్ల నాటి ఊరి లెక్కలు

చెరువులో పూడిక ఎవరు తీయించవలెను? ఊరి సొమ్మునకు లెక్క ఎవరు చెప్పవలెను? ఈ ప్రశ్నలు నేటివి మాత్రమే కావు. కాంచీపురము జిల్లాలోని ఉత్తరమేరూరు ఆలయ కుడ్యములపై, చోళరాజు మొదటి పరాంతకుని కాలమున, క్రీ.శ. 919, 921 సంవత్సరములలో చెక్కిన తమిళ శాసనములలో వీనికి సమాధానములు గలవు.

ఊరిని 30 వాడలుగా విభజించిరి. అర్హుల పేర్లు తాటాకులపై వ్రాసి, కుండలో వేసి, నిండుసభలో ఏమియు నెరుగని బాలునిచేత తీయించెడివారు. మధ్యస్థుడు ఐదు వ్రేళ్లను చాచి, అరచేత ఆకు నందుకొని చదువవలెను. ఇట్లు ఎన్నికైన 30 మందిలో 12 మంది వార్షిక సంఘమునందు, 12 మంది తోటల సంఘమునందు, ఆరుగురు చెరువు సంఘమునందు 360 దినములు పనిచేయవలెను. బంగారము వ్యవహారములకు వేరొక సంఘముండెను. గడచిన మూడేండ్లలో సంఘములందు పనిచేసినవారికి మరల అవకాశము లేదు.

అయితే పన్ను చెల్లించు భూమి, సొంత ఇల్లు, వేదవిద్య గల బ్రాహ్మణులకే ఆ కుండలో చోటు. తక్కిన ఊరివారి పేర్లు అందు చేరలేదు. ఈ లోపమును మనము మరువరాదు.

కాని ఒక నియమము మాత్రము మనకు శిరోధార్యము. పదవిలో నుండి లెక్కలు అప్పగింపనివాడును, అతని దగ్గరి బంధువులును ఎన్నికకు అనర్హులు. బంధువులను విడిచిపెట్టినను, లెక్క చెప్పనివానికి పదవి లేదన్న మాట మన విద్యార్థి సంఘపు చందా పుస్తకము మొదలు కళాశాల సంఘపు పద్దుల వరకు నేటికిని వర్తించును.