మొబిలైజేషన్

‘ఏఆర్ పోలీసుల మొబిలైజేషన్’. పత్రికల అనంతపురం జిల్లా పేజీల్లో ఏటా కనిపించే మాట ఇది. బలగాలను ఎక్కడికో తరలిస్తున్నారేమోనని కంగారు పడక్కర్లేదు. సాయుధ రిజర్వు (ఏఆర్) సిబ్బందిని ఏడాదికోసారి ఒకచోటికి రప్పించి, నేర్చిన విద్యను మళ్లీ దిద్దించే శిక్షణ ఇది. సాధారణంగా రెండు వారాలు సాగుతుంది.

వీరి పని బందోబస్తు, ఖైదీల ఎస్కార్టు, గార్డు డ్యూటీ. తుపాకీ భుజానే ఉంటుంది, పేల్చే అవసరం సాధారణంగా రాదు. రాకూడదు కూడా. కానీ సాధన లేని చేయి మొద్దుబారుతుంది. అందుకే పరేడ్, మూకల నియంత్రణ కసరత్తులతో పాటు ఫైరింగ్ కూడా.

ఫైరింగ్ రేంజిలో ముందు చూసేది ‘గ్రూపింగ్’, అంటే తూటాలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా తగిలాయన్నది. చెల్లాచెదురుగా పడితే ఊపిరి నిలపడంలోనో, ట్రిగ్గర్ నొక్కడంలోనో లోపం ఉన్నట్టు. ఒకేచోట పడినా గురికి పక్కగా ఉంటే తుపాకీ సైట్ సరిచేయాలి. ఫైరింగ్ అయ్యాక తుపాకీ ఖాళీ చేసి చూపాలి. పేలిన తూటాల తొడుగులు నేలమీంచి ఏరి లెక్క అప్పజెప్పాలి.

ఇది మనకెందుకంటే, పెన్నహోబిలం తేరు రోజైనా, పోలింగ్ రోజైనా ఆ తుపాకీ ఉండేది జనం మధ్యే. గురి తప్పిన తూటా దారిన పోయేవారికి తగలొచ్చు. ప్రత్యేక శిక్షణ పూర్తయ్యాకే పోలీసుకు తుపాకీ అప్పగించాలని 1990లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మౌలిక సూత్రాలు చెబుతున్నాయి.