ఇసుక మనది... అయస్కాంతం వాళ్లది!

ఇయర్‌ఫోన్ల డబ్బా మూత టక్కున మూసుకుంటుంది చూశారా! లోపలున్న బుల్లి అయస్కాంతం పనే అది. కాస్త పెద్దదైతే విద్యుత్తు స్కూటర్‌ని పరుగులు పెట్టిస్తుంది. ఇంకా పెద్దదైతే గాలిమరల్లో కరెంటు పుట్టిస్తుంది. ఇనుము, బోరాన్‌లకు నియోడిమియం అనే లోహాన్ని కలిపి దీన్ని చేస్తారు. ఆ నియోడిమియం, దాని తోబుట్టువుల కోసమే దేశాలు ఒకదాన్నొకటి బతిమాలుకుంటున్నాయి, బెదిరించుకుంటున్నాయి కూడా. ఈ బేరాల దారిలో మన విశాఖపట్నం ఓ మజిలీ!

కవలల్ని విడదీయాలి

నియోడిమియం, డిస్ప్రోసియం, టెర్బియం... ఇలాంటివి మొత్తం 17 మూలకాలు. రేర్ ఎర్త్స్ అంటారు. పేరు చూసి అంత అరుదనుకునేరు! వీటిలో కొన్ని భూమి పొరల్లో సీసంకన్నా ఎక్కువే ఉన్నాయి. కష్టమంతా శుద్ధి చేయడంలోనే. అన్నీ కవలల్లా ఒకే పోలికతో, ఒకే ఖనిజంలో కలిసిపోయి ఉంటాయి. ఆమ్లాల్లో కరిగించి, వందలాది దశల్లో ద్రావకాలతో మళ్లీ మళ్లీ శుద్ధి చేస్తేగానీ విడిపోవు. చివరికి బోలెడంత ఆమ్లపు మురుగు మిగులుతుంది. కొన్ని ఖనిజాల్లోనైతే థోరియం లాంటి రేడియోధార్మిక పదార్థం కూడా. ఈ మురికి పని మనకెందుకులే అని చాలా దేశాలు వదిలేశాయి. చైనా తలకెత్తుకుంది. ఇప్పుడు ప్రపంచంలో శుద్ధి అయ్యేదాంట్లో దాదాపు 90 శాతం అక్కడిదే.

ఓ పడవ ఢీకొంటే...

2010 సెప్టెంబరులో సెంకాకు దీవుల దగ్గర చైనా చేపల పడవ ఒకటి జపాన్ గస్తీ నౌకల్ని ఢీకొట్టింది. పడవ కెప్టెన్‌ని జపాన్ అరెస్టు చేసింది. కొన్నాళ్లకే జపాన్‌కి రావాల్సిన రేర్ ఎర్త్స్ ఆగిపోయాయి. ‘మేమేం ఆపలేదే’ అంది చైనా! అప్పట్లో జపాన్ వాడకంలో దాదాపు 90 శాతం అక్కణ్నుంచే వచ్చేది.

2012లో అమెరికా, ఐరోపా సమాఖ్య, జపాన్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేశాయి. పర్యావరణం కోసమే ఎగుమతులకు కోటా పెట్టామన్న చైనా వాదన 2014లో వీగిపోయింది. మరుసటి ఏడాది కోటాలు ఎత్తేసింది. అయితే, జపాన్ ఆ తీర్పు కోసం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2011లోనే ఆస్ట్రేలియా సంస్థ లైనస్‌కి 25 కోట్ల డాలర్లు సమకూర్చింది. 2012లో మన తలుపు తట్టింది.

ఒడిశా నుంచి జపాన్‌కి

ఒడిశాలోని గంజాం జిల్లా ఛత్రపూర్ తీరంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ ఇసుక నుంచి మోనజైట్ తీస్తుంది. ఆ సంస్థ సరకును టయోటా సుషో అనుబంధ సంస్థ విశాఖలో శుద్ధి చేసి జపాన్‌కి పంపాలన్నది ఒప్పందం. అక్కడ అది అయస్కాంతమవుతుంది. మనమేమో అయస్కాంతాలు ఎక్కువగా చైనా నుంచి తెచ్చుకుంటున్నాం. మామిడికాయలు అమ్మేసి ఆవకాయ కొనుక్కున్నట్టే!

2025 ఏప్రిల్‌లో చైనా మళ్లీ బిగించింది. డిస్ప్రోసియం, టెర్బియం సహా ఏడు మూలకాలకూ, వాటితో చేసే అయస్కాంతాలకూ ఎగుమతి లైసెన్సు తప్పనిసరి అంది. మే నెలాఖరుకల్లా జపాన్‌లో సుజుకి స్విఫ్ట్ తయారీ కొన్నాళ్లు ఆగింది. జూన్‌లో, జపాన్‌కి సరకు నిలిపేయమని ఐఆర్‌ఈఎల్‌ని మన ప్రభుత్వం కోరినట్టు రాయిటర్స్ రాసింది. స్నేహదేశంతో ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం కాబట్టి వెంటనే తెంచుకోవడం తేలిక కాదనీ చెప్పింది.

మన ఇసుక మనకే అనడం సబబుగానే తోస్తుంది. ఉంచుకుని ఏం చేస్తాం మరి? 2023లో అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం దగ్గర ఐఆర్‌ఈఎల్ ప్రారంభించిన ప్లాంటు సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలది. ఏడాదికి 3,000 కిలోలు... రక్షణ, అంతరిక్ష, అణు రంగాల అవసరాలకు. స్కూటర్లకు కావాల్సిన రకం వేరు. దానికోసం 2025 నవంబరులో కేంద్రం రూ.7,280 కోట్ల పథకాన్ని ఆమోదించింది. లక్ష్యం ఏడాదికి 6,000 టన్నుల సామర్థ్యం.

ఈ విద్యలో జపాన్ ఆరితేరింది. 1980ల్లో నియోడిమియం అయస్కాంతాన్ని కనిపెట్టినవారిలో ఒకరైన మసాటో సగావా అక్కడివారే. కాబట్టి ‘సరకు ఆపేస్తాం’ అనేకన్నా ‘సరకిస్తాం, పని నేర్పండి’ అంటే మన బేరం గట్టిగా ఉంటుంది. ఇచ్చేందుకు ఇసుకకేం కొదవ లేదు. దేశంలో మోనజైట్ అన్నింటికన్నా ఎక్కువున్నది ఆంధ్ర తీరంలోనే... కళింగపట్నం, భీమిలి లాంటి చోట్ల!