పట్టుపురుగు కడుపులోని నకళ్ల లెక్క

చింతామణి, శిడ్లఘట్ట ప్రాంతములలో పట్టుపురుగులను పెంచు ఇండ్లనుండి మా పాఠశాలకు వచ్చు పిల్లలు అనేకులు. వారిలో ఒకడు, "నాల్గవ జ్వరము తీరిన పురుగు వారము దినములలో అంత లావగును గదా, దాని పట్టుగ్రంథిలో కణములు ఎన్ని పెరుగును?" అని అడిగెను. ఒక్కటియు పెరుగదు. వాటి సంఖ్య గ్రుడ్డులోనే నిర్ణయమైపోవును. పిమ్మట పెరుగునది కణముల పరిమాణమును, వాటిలోని డి.ఎన్.ఏ.యును మాత్రమే. మేమును చాలకాలము దీనిని తప్పుగానే బోధించితిమని ఒప్పుకొనవలెను.

సాధారణముగా కణము విభజన చెందుటకు ముందు తన క్రోమోసోములలోని డి.ఎన్.ఏ.కు నకలు తయారుచేసికొనును. దీనినే ప్రతికృతి యందురు. మానవుని క్రోమోసోములలో మిక్కిలి పెద్దదానియందు సుమారు 25 కోట్ల అక్షరజంటలు గలవు. నకలు వ్రాయు యంత్రాంగము సెకనుకు 50 అక్షరముల చొప్పున సాగుననుకొందము. ఒక కొననుండి మొదలిడినచో 58 దినములు పట్టును. విద్యార్థులు లెక్కకట్టి చూతురుగాక. కాని కణము ఈ పనిని దాదాపు 8 గంటలలో ముగించును.

ఎట్లన, బాగేపల్లి వైపు రాగిచేనిలో మిక్కిలి పొడవైన సాలు ఒకటి కలదనుకొనుడు. దాని పొడవున పలుచోట్ల ఇద్దరేసి కూలీలు వీపులు చేర్చి నిలిచి, ఒకరు తూర్పునకు, ఒకరు పడమరకు కలుపు తీయుచు పోయి, ఎదురు వచ్చువారిని కలిసికొన్నచో పని ముగియును. క్రోమోసోముపై ఇట్టి ఆరంభస్థానములు అనేకము గలవు. 1968లో హూబర్మన్, రిగ్స్ అను శాస్త్రజ్ఞులు క్షీరదముల కణములలో ఈ అమరికను చూపిరి. అన్ని చోట్లను పని ఒక్కమారే మొదలుకాదు. చురుకైన జన్యువులుండు భాగములు సాధారణముగా ముందు, బిగువుగా చుట్టుకొనియున్నవి తరువాత.

ఇన్ని చోట్ల మొదలైనపుడు, ఒకమారు నకలైన భాగమే మరల నకలగు ప్రమాదము గలదు. అందులకై కొన్ని ప్రొటీనులు ఆరంభస్థానములపై ముందుగనే చేరి అనుమతి నిచ్చును. పని మొదలైన పిమ్మట ఆ విడత ముగియువరకు క్రొత్త అనుమతి లేదు.

పట్టుగ్రంథి కణములలో విభజన లేకయే ఇట్టి విడతలు 17, 18 వరకు నడచును. ఒకటిని 17 మారులు రెట్టింపు చేసిన 1,31,072 అగును. ఈ గ్రంథులనుండి నకలు వ్రాయు ఎంజైములను 1990 దశకమున బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో కె. పి. గోపీనాథన్ గారి బృందము వేరుచేసి పరిశీలించినది.

పట్టుదారమునకు మూలమైన ఫైబ్రోయిన్ జన్యువును మాత్రమే పురుగు ప్రత్యేకముగా పెంచుకొనునా యను ప్రశ్న యొకటి యుండెను. 1972లో సుజుకి, గేజ్, బ్రౌన్ అనువారు లెక్కించి చూడగా, మొత్తము డి.ఎన్.ఏ.లో ఆ జన్యువు పాలు పట్టుగ్రంథియందును, పురుగు తక్కిన శరీరమందును ఒక్కటిగానే యుండెను. చంద్రికలపై పురుగు అల్లు దారము ఇట్లు సమానముగా నకలైన క్రోమోసోముల పనియే.