పాత రేడియో మీటలు: ఏది ఏ పని చేస్తుంది?

1956 నవంబరు 1న రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరిన పిదప కూడ, ఇక్కడి సరిహద్దు పల్లెలకూ, సింధనూరు ప్రాంతంలోని తుంగభద్ర కాలువ క్యాంపులకూ తెలుగు మాట రేడియో ద్వారా చేరుతూనే ఉండేది. హైదరాబాదు ఆకాశవాణి వార్తలూ, రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై వినిపించిన పాటలూ పెద్దలకు నేటికీ జ్ఞాపకమే. నాటి చెక్క పెట్టెలు కొన్ని ఇళ్లలో అటకలపై మిగిలి ఉన్నాయి. పలకడం లేదని పక్కన పెట్టినవన్నీ చెడిపోయినవి కావు. ఒక్క మీట తప్పు చోట ఉన్నా రేడియో మూగబోతుంది.

ముందుగా జాగ్రత్త

ఏళ్లతరబడి వాడని వాల్వు రేడియోకు నేరుగా కరెంటు ఇవ్వరాదు. లోపలి కండెన్సర్లు పాడై పేలవచ్చు. మొదట మెకానిక్కుకు చూపాలి. ట్రాన్స్‌ఫార్మర్ లేని కొన్ని రకాలలో లోపలి ఇనుప చట్రానికే కరెంటు ఉంటుంది. కనుక మీట ఊడిపోయిన చోట బయటపడిన ఇనుప కడ్డీని తాకరాదు. పిల్లలను దూరంగా ఉంచాలి.

మీటల పని

సాధారణంగా ఒక మీట రేడియోను వెలిగించి, ధ్వనిని పెంచుతుంది, తగ్గిస్తుంది. వాల్వులు వేడెక్కడానికి అర నిమిషం పడుతుంది. అంతవరకు నిశ్శబ్దం సహజం. టోన్ మీట కీచుదనాన్ని తగ్గించి కంఠానికి గాంభీర్యం ఇస్తుంది.

బ్యాండ్ మీట ముఖ్యమైనది. ఇది మీడియం వేవ్, షార్ట్‌వేవ్‌లలో ఒకదానిని ఎన్నుకుంటుంది. కొన్నింటిలో గ్రామఫోను కోసం మరొక స్థానం ఉంటుంది. మీట అక్కడ ఉంటే ఏ స్టేషనూ వినిపించదు. పెట్టె చెడిందని భ్రమ కలిగేది తరచుగా ఇక్కడే.

చివరిది స్టేషను మీట. అది తిప్పితే ముల్లు అంకెల పలకపై కదులుతుంది. షార్ట్‌వేవ్‌లో స్టేషన్లు ఇరుకుగా ఉంటాయి కనుక వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి. ఆకుపచ్చ కన్ను వంటి దీపం ఉన్న రేడియోలో, ఆ వెలుగు బాగా దగ్గరకు మూసుకున్నప్పుడు స్టేషను సరిగా కుదిరినట్లు.

పాత పలకలపై అంకెలు తరచు మీటర్లలో ఉంటాయి. 3,00,000ను కిలోహెర్ట్జ్‌ల సంఖ్యతో భాగిస్తే మీటర్లు వస్తాయి. హైదరాబాదు ఆకాశవాణి మీడియం వేవ్ సంఖ్య 738. అంటే ముల్లును 406, 407 మీటర్ల చెంతకు తేవాలి.

పగలు, రాత్రి

షార్ట్‌వేవ్ తరంగాలు పై వాతావరణంలోని విద్యుత్ పొరను తాకి వంగి, దూరదేశాలలో దిగుతాయి. సూర్యరశ్మితో ఆ పొర మారుతుంది. అందువల్ల పగలు 16, 19, 25 మీటర్లలోనూ, చీకటి పడ్డాక 31, 41, 49 మీటర్లలోనూ వెదకడం మేలు. ధ్వని ఎక్కి దిగడం రేడియో లోపం కాదు. వెనుక ఏరియల్ రంధ్రానికి పొడవైన తీగ తగిలించి, కరెంటు తీగలకు దూరంగా కట్టాలి. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు దానిని ఊడదీయాలి.

షార్ట్‌వేవ్ కేంద్రాలు నేడు బాగా తగ్గాయి. బీబీసీ హిందీ 2020 జనవరి 31న షార్ట్‌వేవ్ ప్రసారాలు ఆపింది. ఎఫ్.ఎం. బ్యాండు లేని పెట్టెలలో ఎఫ్.ఎం. కేంద్రాలు రావు. కనుక పాత స్టేషను దొరకలేదని పెట్టెను పాత సామానువారికి ఇవ్వక, చీకటి పడ్డాక మీడియం వేవ్‌కు మార్చి చూడాలి. అక్కడ ఒక్క గొంతు పలికినా, తాతల నాటి పెట్టెకు ప్రాణం ఉన్నట్లే.